నేను ఎంచిన నీలం చార్జర్

ఈమధ్య మా అమీన్‌పూర్ అపార్ట్‌మెంట్లో కరెంటు కార్లు నాలుగైదు చేరేసరికి, సెల్లారులో చార్జర్లు పెట్టించాలని సంఘం వాళ్లు మీటింగు పెట్టారు. మూడో అంతస్తులో ఉండే పెద్దమ్మ ఒకప్పుడు ఫ్యాక్టరీలో పనిచేసిందని, ఆమెకు బ్యాటరీల సంగతి తెలుసని ఎవరో చెప్పారట, ఆ పెద్దమ్మను నేనే, నన్నూ పిలిచి ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టారు. పిల్లలంతా ఫోన్లలో బొమ్మలు చూపించుకుంటూ, ఏది తొందరగా ఎక్కిస్తుంది, ఏది గోడకు అందంగా ఉంటుంది అని మాట్లాడుకుంటున్నారు. నా అభిప్రాయం అడిగితే, ముందు మన లైను ఎట్లా ఉంటుందో ఎవరైనా చూశారా అన్నాను. ఎవరికీ అర్థం కాలేదు. ఒక అమ్మాయి మాత్రం మర్యాదకు తల ఊపింది.

నిజానికి ఆ ప్రశ్న నాది కాదు. యాభై ఏళ్ల కింద పటాన్‌చెరులో ఒక మనిషి నన్ను అడిగిన ప్రశ్న అది, ఆనాడు నేను నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వు వల్ల ఏం జరిగిందో మా ఇంట్లో కూడా ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఈ వయసులో దాచుకోవడానికి ఏముంది, మీకు చెబుతాను.

మా నాన్న సంగారెడ్డికి ఇవతల ఒక పల్లెలో బడి పంతులు. ఆదివారాలు అక్కడి చిన్న చర్చిలో వాక్యం చదివేవాడు. మా అక్కకు పటాన్‌చెరు బడిలో టీచరు ఉద్యోగం వచ్చాక, నేను హైదరాబాదులో బి.ఎస్సీ. ముగించి ఆమె దగ్గరికే చేరాను. డెబ్బైల మొదటి సంవత్సరాలవి. నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పుడు పటాన్‌చెరు అంటే బొంబాయి రోడ్డు పక్కన నాలుగు వీధులు, చుట్టూ జొన్న చేలు, ఆ చేల మధ్య ఒక్కొక్కటే లేస్తున్న రేకుల షెడ్లు. ఏ గేటు చూసినా కొత్త రంగే, ఏ గోడ చూసినా ఇంకా ఆరని సున్నమే. అట్లాంటి ఒక ఇనుప పోత ఫ్యాక్టరీలో లోహాలు పరీక్ష చేసే ల్యాబులో నాకు ఉద్యోగం దొరికింది. షెడ్లలో తిరిగే ఆడమనిషిని నేనొక్కదాన్నే. చీర కొంగు నడుముకు బిగించి, పైన ఖాకీ కోటు తొడుక్కుని నడుస్తుంటే మొదటి నెల అందరూ పని ఆపి చూశారు, రెండో నెల నుంచి ఎవరూ చూడలేదు.

ఆ ఫ్యాక్టరీలో రెండు బ్యాటరీ బండ్లు ఉండేవి. ఇప్పుడు కరెంటు బండి అంటే కొత్త వింతలా చెప్పుకుంటున్నారు గాని, మేము ఆ రోజుల్లోనే వాటి మీద బతికాం. బల్లపరుపుగా ఉండి, ముందు ఒక మనిషి నిలబడే చోటు, కింద బీరువా అంత పెట్టెలో వరసగా పేర్చిన బ్యాటరీలు, పొగ లేదు, చప్పుడు లేదు. పోత పోసిన బరువైన ఇనుప దిమ్మలను ఒక షెడ్డు నుంచి మరో షెడ్డుకు మోయడం వాటి పని. అవి ఆగితే మనుషులు తాళ్లు కట్టి లాగాల్సిందే.

ఆ బండ్లను నడిపేదీ, వాటి బాగోగులు చూసేదీ ఒక్క మనిషే. నాకంటే పన్నెండేళ్లు పెద్ద, అందుకని అన్నా అని పిలిచేదాన్ని. మొదట్లో నన్ను మేడం అనేవాడు, తరువాత తరువాత చెల్లే అన్నాడు. ఫ్యాక్టరీకి స్థలం తీసుకున్నప్పుడు ఆయన పొలం కూడా అందులో పోయింది, బదులుగా ఈ నౌకరీ ఇచ్చారు. ఒకసారి రెండో షెడ్డు మూలన బండి ఆపి, నేల చూపించి, మా బాయి ఈడనే ఉండె అన్నాడు. అంతే, మళ్లీ ఎప్పుడూ ఆ బావి మాట ఎత్తలేదు. పశువులను చూసుకునే మనిషి కదా, బ్యాటరీలనూ అట్లాగే చూసేవాడు, పొద్దున్నే మూతల మీద అరచెయ్యి పెట్టి వేడి చూసేవాడు, ముక్కు దగ్గర పెట్టి వాసన చూసేవాడు. యాసిడ్ బలం తెలుసుకోవడానికి గాజు గొట్టంలో తేలే చిన్న బుడ్డి ఉంటుంది, దాని మీది అంకెలు చదవడం నేనే ఆయనకు నేర్పాను. ఆయన మాత్రం చెయ్యి పెట్టి చెప్పినదాన్నే ముందు నమ్మేవాడు, తరువాత బుడ్డిని చూసి అది కూడా అదే చెప్పిందని సంతోషపడేవాడు.

మా పాత చార్జర్ ఒక ఎండాకాలంలో కాలిపోయింది. కుళ్లిన ముల్లంగి వాసన షెడ్డంతా పట్టి మూడు రోజులు పోలేదు. కొత్తది కొనాల్సి వచ్చినప్పుడు మేనేజరు గారు మూడు కంపెనీల పుస్తకాలు నా ముందు పడేసి, ఇంగ్లీషు చక్కగా చదువుతావు, ఏది మంచిదో నువ్వే రాసివ్వు అన్నారు. ఇరవై రెండేళ్ల పిల్లకు అంత పెద్దమనిషి అట్లా అప్పజెబితే ఎట్లా ఉంటుందో ఊహించుకోండి. రెండు రోజులు కూర్చుని అంకెలన్నీ పట్టికలు గీసి, ఒకటి ఎంచాను. నీలం రంగు, బ్యాటరీకి తగిలించే మెరిసే పిడులు, ముందు గుండ్రటి గాజు మీటరు. బ్యాటరీ నిండగానే కరెంటు దానంతటదే తగ్గిపోతుంది, ఎంతసేపు తగిలించి ఉంచినా భయం లేదని పుస్తకంలో రాసి ఉంది. ఆ ఒక్క మాట నాకు నచ్చింది. శనివారం సాయంత్రం తగిలించి వెళితే సోమవారం పొద్దున దాకా ఎవరూ కాపలా ఉండనక్కరలేదు కదా అనుకున్నాను.

పెట్టె విప్పిన రోజు అన్న దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"మంచిగున్నది చెల్లే. గని ఇది ఏడనో చేసిండ్రు, ఆడి కరెంటుకు లెక్క చూసి చేసిండ్రు. మన లైను ఎట్లుంటదో ఎవరన్న చూసిండ్రా?"

కరెంటు ఎక్కడైనా కరెంటే అన్నా, అని నవ్వాను. ఆయనా నవ్వి, పిడులు బిగించే పనిలో పడ్డాడు.

ఎండాకాలమంతా చార్జర్ బంగారంలా పనిచేసింది. మేనేజరు గారు వచ్చిన వాళ్లందరికీ చూపించేవారు, మా ల్యాబు అమ్మాయి ఎంపిక అని చెప్పేవారు. తొలకరి పడ్డాక మొదలయ్యాయి తిప్పలు. సోమవారం పొద్దున వచ్చి చూస్తే బ్యాటరీలు కాలిపోతున్నట్టు వేడిగా ఉండేవి, మూతల చుట్టూ తెల్లటి పొడి పేరుకునేది, లోపల నీళ్లు పలకల కిందికి దిగిపోయేవి. అన్న నీళ్లు పోసేవాడు, మళ్లీ సోమవారానికి అదే కథ. వినాయక చవితి నాటికి ఒక బండి సగం దూరం వెళ్లి ఆగిపోవడం మొదలుపెట్టింది, రెండోది అసలు కదలనన్నది. కూలీలు తాళ్లు కట్టి దిమ్మలు లాగుతుంటే ఒకాయన పాదం నలిగింది. దాంతో సంగతి పెద్దదైంది.

ఆ విచారణలోనే వాచ్‌మన్ ఒక మాట బయటపెట్టాడు. తొలకరి రోజుల్లో ఒక ఆదివారం అన్న ఒక ట్రాక్టర్ బ్యాటరీని సైకిల్ మీద కట్టుకొచ్చి మా చార్జర్ మీద పెట్టాడని. మేనేజరు గారి గదిలో అన్నను నిలబెట్టారు. పరీక్షల కాగితాలు పట్టుకుని నేనూ ఒక మూల నిలబడ్డాను.

"తెచ్చిన సార్, అబద్ధమెందుకు. కంది ఊర్ల మా బామ్మర్ది ట్రాక్టర్ లేస్తలేదు. వాన పడ్డది, ఇత్తనాలు పెట్టాలె, ఈడ చార్జింగ్ పెట్టేటోడు ఒక్కడు లేడు, శహర్‌కు పోవాలె. గందుకే ఒక్కపారి తెచ్చిన. గని బండ్ల బ్యాటరీలను నేను ఖరాబ్ చెయ్యలే. శనివారం నిండుగ నీళ్లు పోసిపోతున్న, సోమవారం సూస్తే ఉంటలేవు."

నీళ్లు ఎవరు తాగుతున్నారు మరి, అన్నారు మేనేజరు గారు. తరువాత నా వైపు తిరిగి, నీ పరీక్షలు ఏం చెబుతున్నాయి అని అడిగారు. నీళ్లు తక్కువై పలకలు ఎండిపోయాయి, అది నిజమే. చార్జర్‌లో లోపం లేదు, అది నేను అనుకున్నది. ఆ రెంటినీ ఒకే కాగితం మీద ఒకే చేతివ్రాతతో రాసి, నీళ్లు సరిగా పోయకపోవడమే కారణమని కింద సంతకం పెట్టి ఇచ్చాను. అన్న ఆ కాగితం చదవలేదు, ఆయన ముందు ఎవరూ చదివి వినిపించనూ లేదు. ఆ సాయంత్రమే ఆయనను పనిలోకి రావద్దన్నారు, నెల తిరిగేలోగా పూర్తిగా తీసేస్తామన్నారు. గేటు దాటుతూ నన్ను చూసి, పోయొస్త చెల్లే అన్నాడు.

ఆ తరువాతి ఆదివారం పటాన్‌చెరు చర్చిలో అక్క పక్కన కూర్చున్నాను. వాన వెలిసి ఉక్కగా ఉంది. మా చర్చిలో ఒకటే ఫ్యాను, పందిరి మీద పొట్లకాయలా వేలాడేది. పాట మొదలయ్యేసరికి ఆ ఫ్యాను ఎంత జోరుగా తిరిగిందంటే, ముందు వరసలో వాళ్ల పాటల పుస్తకాల కాగితాలు వాటంతటవే తిరిగిపోతున్నాయి, అందరూ వేళ్లు అదిమి పట్టుకుని పాడుతున్నారు. మొన్న బుధవారం సాయంత్రం ప్రార్థనకు వచ్చినప్పుడు ఇదే ఫ్యాను రెక్కలు లెక్కపెట్టేటట్టు తిరిగింది, మా అక్క తన కొంగుతో విసురుకున్నది. నేను పాట ఆపి ఫ్యాను వైపు చూశాను. బుధవారం అన్ని ఫ్యాక్టరీలూ నడుస్తాయి. ఆదివారం అన్నీ మూసి ఉంటాయి. ఎండాకాలమైతే బావుల మీద మోటార్లన్నా తిరుగుతాయి, వానలు పడ్డాక అవీ ఆగాయి. లాగేవాడు లేక లైనులో కరెంటు పొంగుతున్నది. ఆ పొంగులో నా నీలం చార్జర్ రాత్రీ పగలూ తగిలించి ఉన్నది.

ఆశీర్వాదం అయ్యీ కాకముందే అక్కను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. తెల్ల చీరలతో ఇద్దరం ఎండలో ఫ్యాక్టరీకి నడిచాం. వాచ్‌మన్ ముందు ఒప్పుకోలేదు, మా అక్క బడిలో వాళ్ల పిల్ల చదువుతున్నది కాబట్టి గేటు తీశాడు. షెడ్డులోకి అడుగుపెట్టగానే పుల్లటి వాసన గొంతుకు తగిలింది. చార్జర్ ముందరి మీటరు ముల్లు, అప్పటికి ఎప్పుడో కిందికి దిగి ఉండాల్సింది, చివరి గీత దాటి నిలబడింది. మూతలు తీసి చూస్తే లోపల గంజి ఉడికినట్టు ఉడుకుతున్నాయి. లైను మీద వోల్టుమీటరు పెడితే, మామూలు రోజు ఉండాల్సిన దానికంటే ఎంతో పైన ఉన్నది. పుస్తకంలో రాసినట్టు తగ్గడం అనేది, లైను నిలకడగా ఉండే ఊళ్లో జరిగే సంగతి. మా ఊళ్లో కాదు. పైగా అన్న లేకుండానే, వేరే మనిషి నీళ్లు పోసి వెళ్లిన బ్యాటరీలు అవి. సాయంత్రం దాకా గంట గంటకూ అంకెలు రాసుకున్నాను. అక్క ఒక ఇనుప దిమ్మ మీద రుమాలు పరచుకుని కూర్చుని, ఏమీ అడగకుండా, నేను చెప్పిన అంకెలు కాగితం మీద దించింది. వచ్చేటప్పుడు మాత్రం, రేపు ఎవరికి చెబుతావో వాళ్లకు మొత్తం చెప్పు, సగం చెప్పకు అన్నది.

సోమవారం మేనేజరు గారు ఆ కాగితాలు చాలాసేపు చూశారు.

"మొన్న నువ్వు రాసిచ్చిన రిపోర్టును నువ్వే కాదంటున్నావా?"

"అవును సార్. చార్జర్ ఎంచింది నేను, దాన్ని మన లైను మీద పరీక్షించకుండా బాగుందని రాసింది నేను. ఆయన నీళ్లు పోసింది నిజం."

నీ ఉద్యోగం ఇంకా పక్కా కాలేదు, తెలుసా అన్నారు. తెలుసన్నాను. ఆయన కోపం మనిషే గాని అన్యాయం మనిషి కాదు, ఆ తరువాతి ఆదివారం తానే వచ్చి, కోటు విడిచి, మూత తీసి చూశారు. ట్రాక్టర్ బ్యాటరీ పెట్టినందుకు ఒక మందలింపు కాగితం ఇచ్చి అన్నను తిరిగి పిలవమన్నారు. నాకు కూడా అట్లాంటి కాగితమే ఒకటి ఇచ్చారు. కబురు పంపిద్దామంటే, నేనే వెళ్లి చెబుతానన్నాను.

అక్కా నేనూ ఆయన ఊరికి నడిచి వెళ్లాం. అన్న ఎవరిదో చేలో కలుపు కూలికి పోయి అప్పుడే ఇల్లు చేరాడు, చేతులకు మట్టి. వదిన మంచం వాల్చి నీళ్లు తెచ్చింది. నౌకరీ సంగతి చెప్పగానే ఆమె కళ్లు తుడుచుకుంది. అక్కడితో ఆపి లేచి రావచ్చు. కాని అక్క నన్నే చూస్తున్నది. కాగితం రాసింది నేనేనని, సంతకం నాదేనని చెప్పాను. వదిన గబుక్కున లోపలికి వెళ్లిపోయింది. అన్న అరచేతిలో మట్టి రాల్చాడు.

"నువ్వు రాసినవా చెల్లే," అన్నాడు. "నేను మేనేజర్ సారే రాసిండనుకున్న. గింత దూరం వచ్చి చెప్పకుంటే నాకెప్పటికి తెల్వకపోవు."

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన ఓదార్చలేదు, ఫర్వాలేదనీ అనలేదు. నీళ్ల చెంబు నా వైపు జరిపి ఒకటే మాట అన్నాడు. "ఇగ ఈపారి చార్జర్ కొనేటప్పుడు నన్ను తోల్కపో."

తీసుకుపోయాను. ఆ తరువాత మేమిద్దరం చార్జర్ ఎంచిన తీరు ఇప్పటి వాళ్లకు చెబితే నవ్వుతారేమో. పుస్తకాలు ముందు చూడలేదు. ఒక నెల పాటు మా లైను ఏ రోజు ఏ పూట ఎంత ఉంటుందో రాసిపెట్టుకున్నాం. ఆ కాగితం పట్టుకుని బాలానగర్‌లో మోటార్లకు తీగ చుట్టే ఒక సాయిబు గారి దగ్గరికి వెళ్లాం. ఆయన తయారుచేసిన పెట్టె పైకి చూస్తే గోధుమల డబ్బాలా ఉంది, రంగు కూడా సరిగా వెయ్యలేదు. అన్న మూత తీయించి లోపల చూశాడు, రాగి తీగ లావు చేత్తో పట్టి చూశాడు, పిడుల స్ప్రింగు నొక్కి చూశాడు, రెండు చేతులా లేపబోయి లేపలేక, లోపల రాగి నిండుగా ఉందని సంతోషపడ్డాడు. లైను ఎక్కువైనప్పుడు ఒకలా, తక్కువైనప్పుడు ఒకలా తిప్పుకునే మీట ఉన్నది, బ్యాటరీ నిండగానే కరెంటు టక్కుమని తెగిపోయే ఏర్పాటు ఉన్నది. ఏదన్నా కాలితే మళ్లీ చేసేదెవరు అని అడిగితే, నేనే, లేకుంటే మా అబ్బాయి, ఈ గల్లీ విడిచి ఏడికి పోతం అన్నాడు సాయిబు గారు. ఆ మాట ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు కదా. అయినా ఊరికే నమ్మలేదు. నెల రోజులు షెడ్డులో పెట్టి, నాలుగు ఆదివారాలు నేనో, అన్నో వచ్చి పెట్టె మీద చెయ్యి పెట్టి చూశాం. కరెంటు పోయి వచ్చినప్పుడు ఏం చేస్తుందో చూశాం. పొరపాటున పిడులు అటుదిటు తగిలిస్తే కాలిపోతుందా, ఫ్యూజు మాత్రమే పోతుందా అని కావాలనే తప్పుగా తగిలించాం. ఆ రోజు మాత్రం సాయిబు గారు మొహం తిప్పుకుని నిలబడ్డారు. ఫ్యూజే పోయింది.

ఆ డబ్బా మా ఫ్యాక్టరీలో నేనున్నన్నాళ్లూ నడిచింది. నా ఉద్యోగమూ నిలిచింది. అన్న మరో నాలుగేళ్లు పనిచేసి, ట్రాక్టర్లు ఊరూరా పెరుగుతున్నాయని చూసి, రోడ్డు పక్కన సొంతంగా బ్యాటరీ చార్జింగు దుకాణం పెట్టుకున్నాడు. దానికి కావాల్సిన చార్జర్ ఎంచడానికి నన్ను పిలిచినప్పుడు, ఉద్యోగంలో వచ్చిన ఏ కాగితానికీ పడనంత సంతోషం పడ్డాను. విత్తనాల రోజుల్లో ఆ దుకాణం ముందు ట్రాక్టర్ బ్యాటరీలు వరసగా కూర్చునేవి, ఒక్కొక్కదాని మీద సుద్దముక్కతో ఊరి పేరు రాసి ఉండేది. ఇత్తనాలు పెట్టే రైతును రేపు రమ్మని ఒక్కనాడూ పంపలేదని వదిన చెప్పేది. ఆమె నాతో మాట్లాడటానికి రెండేళ్లు పట్టింది, మాట్లాడటం మొదలుపెట్టాక తిననిదే పంపేది కాదు.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ దుకాణం పోయింది. అంతకు ముందు చివరిసారి వెళ్లినప్పుడు అన్నకు చూపు మందగించింది, అయినా చేతులతోనే పని చేస్తున్నాడు. ఎవరో కొత్త రకం బ్యాటరీ తెచ్చి పెట్టి వెళితే, దాన్ని నాకు తిప్పి తిప్పి చూపించాడు. పైన ఎక్కడా మూతలు లేవు.

"దీంట్ల ఇగ నీళ్లు పొయ్యనక్కరలేదంట చెల్లే. మంచిదే. గని ఇప్పరాదంట. మరి లోపల ఏమైతున్నదో ఎట్ల తెలుస్తది?"

ఈసారి నేను నవ్వలేదు. ఇప్పుడు ఆయన లేడు. వస్తువులు మన కాలం వాటికంటే మంచివే వస్తున్నాయి, ఆ మాట ఒప్పుకోవాలి. పాడైతే తీసేసి కొత్తది పెడతారు, అందుకు ఏ మనిషినీ గదిలో నిలబెట్టి అడగరు, అదీ మంచిదే. కాని ఒక వస్తువు ఎందుకు పాడైందో తెలుసుకోవడానికి ఆదివారం పూట ఒకచోట కూర్చునే ఓపిక, అది చేసిన మనిషి ఏ గల్లీలో ఉంటాడో తెలిసి ఉండే ధైర్యం, మన కళ్లముందే ఎప్పుడు పోయాయో నాకు తెలియదు. మూత తీసి చూడగలిగిన కాలంలో బతికాం మనం. చూస్తే ఒక్కోసారి మన తప్పే కనిపించేది.